నిమ్మతేనె ఏ రంగు?

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆవిడ గుర్తింపు కార్డు మీద భద్రంగానే ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఊరందరికీ ఆవిడ సీసాలక్క. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన వ్యాను డ్రైవరు కూడా "సీసాలక్కా, డబ్బాలు దించాను" అనే అంటాడు. మొదట్లో ఉడుక్కుంది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడదు.

ఆవిడ ఉద్యోగం చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. తేనెటీగలు పెంచేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఒక రేకుల షెడ్డు ఉంది. వాళ్ళు డబ్బాల్లో తెచ్చిన తేనె ఏ పూలదో తేల్చి, డబ్బా మీద సుద్దముక్కతో ఆ పేరు రాయడం ఆవిడ పని. ఆవిడ భర్త బస్సు డిపోలో మెకానిక్కు. కూర్చుని తేనె నాకడానికి కూడా ఉద్యోగం ఇస్తారా అని పెళ్ళైన కొత్తలో ముక్కున వేలేసుకున్నాడు. ఆ వేలు ఇంకా తీయలేదు. లోకంలో పూలన్నీ నీ నాలుక మీదే ఉన్నాయి, కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి మాత్రం దానికి తెలియదు అని రోజూ భోజనం దగ్గర సాధిస్తాడు. అందులో కొంత నిజం లేకపోలేదు.

తేనె అంటే తియ్యగా ఉండే పదార్థం అని మనబోటివాళ్ళం అనుకుంటాం. సీసాలక్క దగ్గర ఆ మాటంటే జాలిగా చూస్తుంది. ఆవపూల తేనె లేతగా ఉంటుంది, డబ్బాలో పోసిన మూడు వారాలకే నెయ్యిలా పేరుకుని గరిటెకి లొంగకుండా మొండికేస్తుంది, మింగాక గొంతులో సన్నటి ఘాటు మిగులుతుంది. పొద్దుతిరుగుడుది పచ్చగా మెరుస్తుంది, కొంచెం రవ్వ తగులుతుంది. ధనియాల పూలదైతే ఎరుపు తిరిగిన రంగు. మూత తీస్తే పోపులడబ్బా తెరిచినట్టే. జామాయిల్ చెట్ల తేనె ముదురు గోధుమ రంగులో ఉండి, ముందు తీపిగా పలకరించి, తర్వాత చల్లగా మాట్లాడి, చివర్న చిన్న చేదు మాట అని వెళ్తుంది. పెద్దింటి చుట్టం ఒకావిడ గుర్తొస్తుంది దాన్ని రుచి చూస్తే. ఇక నిమ్మపూల తేనె ఉంది. అది ఎండుగడ్డి రంగు. నాలుక మీద పెట్టకముందే ముక్కు దగ్గర తోట విచ్చుకుంటుంది, అయిపోయాక నాలుక అంచున పులుపు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఈగ అదే, అది ఉండే పెట్టె అదే, పువ్వు మారితే చాలు, తేనె మరో మనిషైపోతుంది.

ఈ విద్య ఆవిడకి నేర్పినవాడు పెద్దాయన. షెడ్డులో ఆవిడకి ముందు ఆ కుర్చీలో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు. తూర్పు కిటికీకి ఒక కొయ్య చట్రం బిగించి ఉండేది, దానికి అడుగు పలక, పైన ఆరు గుండ్రటి కన్నాలు, కన్నాల్లో ఆరు సీసాలు. ఒక్కొక్కటి ఒక్కో పూల తేనె. వాటిని సాక్షి సీసాలు అనేవాళ్ళు. డబ్బా రాగానే కొంచెం తేనె ఖాళీ సీసాలోకి వంచి, సాక్షి సీసా పక్కన వెలుతురుకి పట్టి రంగు సరిచూడాలి. తర్వాత పుల్లతో నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు పుక్కిలించి సుద్దముక్క పట్టుకోవాలి.

రంగూ రుచీ తగువు పడితే ఎవరి మాట నమ్మాలి అని ఆవిడ అడిగింది, చేరిన కొత్తలో.

"సీసా మాటే. మనిషి నోరు పొద్దున ఒకటి చెబుతుంది, సాయంత్రం ఒకటి చెబుతుంది. నిన్న తిన్న ఉల్లిపాయ కూడా మధ్యలో దూరి సాక్ష్యం చెబుతుంది. ఈ సీసాలు షెడ్డు పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. ఇవి అబద్ధం చెప్పవు" అన్నాడు పెద్దాయన.

ఆ సీసాల్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తనే మెత్తటి కుంచెతో దుమ్ము దులిపేవాడు. తొమ్మిదేళ్ళ కిందట పని మానేసి, తాళంచెవులూ కుంచే ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ ఏడు తిరక్కుండానే కన్నుమూశాడు. సీసాలక్క ఏడ్చింది, సొంత తండ్రి పోయినట్టే ఏడ్చింది. మర్నాడు వచ్చి సీసాల దుమ్ము దులిపింది. అప్పటి నుంచీ తనూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. బాగోనిది నిరుడు జరిగింది.

సీసాలక్క చెల్లెలి మొగుడు కూడా తేనెటీగల పెంపకందారే. నిమ్మతోటల మధ్య ముప్ఫై పెట్టెలు పెట్టుకున్నాడు. మెతక మనిషి, ఈగ కుట్టినా దానిదే పాపం చచ్చిపోయిందని బాధపడే రకం. నిరుడు నిమ్మపూత అయ్యాక నాలుగు డబ్బాలు తెచ్చి దించాడు. సీసాలక్క వంచి, కిటికీ దగ్గర పట్టి చూసింది. సాక్షి సీసా పక్కన మరిది తేనె మరీ పాలిపోయి కనబడింది. పూలు లేని రోజుల్లో ఈగలకి పంచదార పాకం పోస్తారు; ఆ పాకం తేనెలో కలిస్తే రంగు ఇలాగే వెలవెలబోతుంది. అది పెంపకందారుకి అన్నిటికన్నా పెద్ద అప్రతిష్ఠ. ఆవిడ పుల్లతో రుచి చూసింది. పది లెక్కపెట్టింది. మళ్ళీ చూసింది. మళ్ళీ లెక్కపెట్టింది. చుట్టూ ఆరుగురు పెంపకందార్లు నిలబడి ఉన్నారు. మరిదిది కాబట్టి ఏం రాస్తుందో చూద్దామన్న చూపు అందరి కళ్ళలోనూ ఉంది, లేదా ఉందని ఆవిడకి అనిపించింది. చివరికి నాలుగు డబ్బాల మీదా "పాకం" అని రాసింది.

మరిది ఒక్క మాట అనలేదు. డబ్బాలు తిరిగి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. సంఘం ఆ ఏడాదికి అతని తేనె తీసుకోవడం మానేసింది. అన్నది చెల్లెలే. ఒకే ఒకసారి ఫోన్ చేసి, సొంత చెల్లెలి కాపురం మీద సుద్దతో రాశావు, చేతులు కడుక్కున్నావా అని అడిగి పెట్టేసింది. అప్పటినుంచీ అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. న్యాయం చేశాను, అయినవాళ్ళని కూడా చూడలేదు అని సీసాలక్క తనకి తను చెప్పుకుంది. రోజుకి రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ ఏడు పని మొదలయ్యాక ఆవిడకి మతిపోవడం మొదలైంది.

మొదట ఆవతేనె వచ్చింది. నాలుక ఆవ అంది, సీసా కాదంది. సరే, వానలు ఎక్కువైనట్టున్నాయి అనుకుంది. వారానికి పొద్దుతిరుగుడు వచ్చింది, అదీ సీసా పక్కన పాలిపోయింది. ఆ తెచ్చినవాడు ఇరవై ఏళ్ళుగా ఎరిగిన మనిషి, చేలో తప్ప ఎక్కడా పెట్టె పెట్టడు. తర్వాత ధనియం తేనె వచ్చింది. అది చూడబోతే నిమ్మ సీసాతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. రంగేమో నిమ్మ అంటోంది, నోట్లో చూస్తే పోపులడబ్బా. సీసాలక్క పుల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఆవిడ బుర్ర ఆ డబ్బాకీ ఈ సీసాకీ మధ్య గిలగిల్లాడింది. లోకంలో ఈగలన్నీ ఒక్కసారే దొంగలైపోయాయా? పెంపకందార్లంతా కూడబలుక్కున్నారా? లేక తనకే ఏదో అయిందా?

తనకే ఏదో అయిందని తేల్చుకోవడం మన సీసాలక్కకి తేలిక. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అక్షరాలు చదివించి, లైటు వేసి చూసి, ఇంకో పదేళ్ళు అద్దాల అవసరం లేదన్నాడు. ఆ మాటకి ఎవరైనా సంతోషిస్తారు. ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్ళు బాగుంటే మరి పాడైంది నాలుకన్నమాట. ఇంటికొచ్చి వంటింట్లో చేతికందినదల్లా రుచి చూసింది: ఉప్పు, పంచదార, చింతపండు, కాఫీపొడి, చివరికి సోడా ఉప్పు కూడా. అన్నీ వాటి రుచిలోనే ఉన్నాయి. భర్త గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, వెర్రి వెయ్యి విధాలన్నారు, ఇది ఎన్నోది అని అడిగాడు. ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యనేలేదు. ఆయన మాట్లాడకుండా తిన్నాడు. అది చూసి ఇంకా భయం వేసింది.

వారంపాటు ఆవిడ డబ్బాల మీద ఏమీ రాయలేదు. రాయని డబ్బాలు షెడ్డులో గోడ పొడుగునా పేరుకున్నాయి. సంఘం కార్యదర్శి వచ్చి మర్యాదగానే, ఒంట్లో బాగోకపోతే కొన్నాళ్ళు సెలవు పెట్టమన్నాడు. ఆ మర్యాద వెనక ఏముందో ఆవిడకి అర్థం కాకపోలేదు.

ఆ వారంలోనే షెడ్డుకి రంగులు వేయించడం పెట్టుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకుంది సీసాలక్క. రంగులాయన చేతులనిండా పాత రంగుల మరకలతో వచ్చి, తూర్పు కిటికీ చూసి, చట్రం విప్పితే గానీ పని కాదన్నాడు. ఆవిడ ససేమిరా అంది. ఆయన బీడీ వెలిగించి, నాకేం తొందరలేదు, ఒప్పుకున్నాకే దిగుతాను అని నిచ్చెన మీద కూర్చున్నాడు. అరగంట తర్వాత, సీసాలు మాత్రం నేనే తీస్తాను, నువ్వు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు అని ఆవిడ దిగొచ్చింది.

నిమ్మ సీసా ముందు తీసింది. తొమ్మిదేళ్ళలో దాన్ని చట్రంలోంచి పైకెత్తడం అదే మొదటిసారి. అడుగున వేలికి ఏదో మందంగా తగిలింది. తిప్పి చూసింది. చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద పెద్దాయన చేతిరాతతో ఒక తేదీ. ఆయన పని మానేసిన ఏడాది, నిమ్మపూత నెల. కాగితం అంచు గోటితో లేపితే కింద ఇంకో కాగితం, దాని మీద అంతకుముందు ఏడాది తేదీ. దాని కింద ఇంకోటి. కోటు బొత్తాం అంత మందాన కాగితం మీద కాగితం, ఏడాది మీద ఏడాది.

సీసాలక్క మిగతా ఐదూ తీసింది. అన్నిటికీ అంతే. నిమ్మ సీసాకీ ఏటా కొత్త కాగితమా అని పైకే అనేసింది.

"నిమ్మా ఇది? నేను టీ డికాషన్ అనుకున్నా" అన్నాడు రంగులాయన నిచ్చెన మీంచి. "రోజూ పొద్దుటి ఎండలో పెట్టారు, ఇంకేమవుతుంది అక్కా? మా రంగులు చూపించే షేడు కార్డు కూడా కిటికీలో పడేస్తే ఏడాదికి పనికిరాదు. అందుకే కంపెనీవాళ్ళు ఏటా కొత్తది ఇస్తారు. పాతది చూసి రంగు కలిపితే ఇంటాయన నన్ను గోడకేసి కొడతాడు."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. షెడ్డు పుట్టినప్పటి నుంచీ ఉన్న సీసాలట! ముసలాయన ఏటేటా పూత అయ్యాక, అందరూ వెళ్ళాక, పాత తేనె పారబోసి కొత్తది నింపి, తేదీ అంటించి, మళ్ళీ చట్రంలో పెట్టేవాడన్నమాట. సీసాలు షెడ్డు పుట్టినప్పటివే, తేనె మాత్రం ఎప్పుడూ ఆ ఏటిదే. ఎందుకు చెప్పలేదు? గొప్ప కోసమా? చెబుదాంలే అనుకుని మర్చిపోయాడా? చెప్పక్కర్లేదు, ఇంత తెలివిగలది తనే కనుక్కుంటుంది అనుకున్నాడా? ఆయన ఉంటే చొక్కా పట్టుకుని అడిగేది. కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో మాత్రం స్పష్టంగా తెలియలేదు. ఎండలో తొమ్మిదేళ్ళపాటు ముదురుతున్న తేనెని ఆవిడ రోజూ చూస్తూనే ఉంది. రోజూ చూసే ముఖంలో ముసలితనం కనబడదు.

ఇంటికి వెళ్ళి, వంటింటి అల్మారా పై అర వెతికింది. నిరుడు డబ్బాలు దించిన రోజు పొద్దునే చెల్లెలు ఇంటికి పంపిన సీసా ఒకటి గుడ్డ చుట్టి అక్కడే ఉంది. మూత తీయడానికి మనసొప్పక ఏడాదిగా చీకట్లోనే ఉంచేసింది. తేనె పేరుకుపోయి ఉంది. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, కరిగేదాకా పక్కనే నిలబడింది. కరిగాక చూస్తే ఎండుగడ్డి రంగు. మూత తీసింది. పది లెక్కపెట్టనక్కర్లేదు, మూడు లెక్కపెట్టేసరికే కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఉదయం బస్సెక్కి చెల్లెలి ఊరు వెళ్ళింది. సంచిలో రెండు సీసాలు: డికాషన్ రంగుది ఒకటి, గడ్డి రంగుది ఒకటి.

చెల్లెలు తలుపు తీసి, అక్కని చూసి, లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు. మరిది పెరట్లో ఉన్నాడు. ముఖం మీదా చొక్కా మీదా తెల్లగా పిండి. "రా వదినా" అన్నాడు ఎప్పట్లాగే, నిన్ననే వచ్చి వెళ్ళినట్టు. ఆ పిండేమిటని అడిగింది, వచ్చిన పని చెప్పడానికి నోరు రాక.

అతను సంకోచపడుతూనే చెప్పాడు. వదిన రాసిందంటే తేనెలో పాకం ఉన్నట్టే. తను పోయలేదు కాబట్టి ఈగలే ఎక్కడో తాగి వస్తున్నాయి. రోడ్డు దాటితే కూల్‌డ్రింకుల గోడౌను ఉంది, అక్కడ తీపి నీళ్ళు కారుతూ ఉంటాయి. అందుకని పెట్టె గుమ్మం దగ్గర ఈగల మీద పిండి చల్లి, ఆ తెల్లటి ఈగలు ఎటు పోతాయో చూస్తూ ఏడాదంతా వెనకాలే తిరిగాడు. గోడౌను దగ్గర గంటల తరబడి నిలబడితే వాచ్‌మన్ దొంగ అనుకుని రెండుసార్లు తరిమాడు. ఒక్క తెల్ల ఈగ కూడా అటు రాలేదు. అన్నీ నిమ్మతోటలోకే పోతున్నాయి. అయినా నమ్మకం చాలక, ఈ ఏడు తీసిన తేనె సంఘానికి తేలేదు.

"నాకేమీ అర్థం కావడం లేదు వదినా. ఏ పెట్టెలో తప్పుందో తెలియడం లేదు. పన్నెండు పెట్టెలు తీసేశాను" అన్నాడు.

సీసాలక్క రెండు సీసాలూ అరుగు మీద పెట్టింది. కాగితాల సంగతి, కిటికీ సంగతి, తొమ్మిదేళ్ళ సంగతి మొత్తం చెప్పింది. అతను రెండు సీసాల్నీ మార్చి మార్చి చూశాడు. కోప్పడతాడేమోనని ఆవిడ ఎదురుచూసింది. కోప్పడితే బాగుండేది.

"సీసా సంగతి సరే" అన్నాడు. "ఆ రోజు నువ్వు రెండుసార్లు రుచి చూశావు. నేను చూస్తూనే ఉన్నాను. నీ నాలుక ఏమంది?"

ఈ ప్రశ్న ఒకటి ఉందని ఆవిడకి ఏడాదిగా తెలుసు. రోజుకి రెండుసార్లు తనకి తను న్యాయం గురించి చెప్పుకుంది ఇది వినబడకుండా ఉండటానికే.

"నిమ్మ అంది" అంది సీసాలక్క. "రెండుసార్లూ నిమ్మే అంది."

"మరి?"

"నువ్వు నా మరిదివి కదా."

అతను తలూపాడు. అర్థమై ఊపాడో, అర్థం కాక ఊపాడో ఆవిడకి తెలియలేదు. లేచి వెళ్ళి, సామాన్ల గది మూల గోనె కప్పి ఉన్న డబ్బా ఒకటి మోసుకొచ్చి ఆవిడ ముందు దించాడు. మూత తీయలేదు. దాని మీద ఆవిడ రాసిన "పాకం" చెక్కుచెదరలేదు. సీసాలక్క గబగబా చేతిరుమాలు తడుపుకుని తుడవబోయింది.

"చెరపకు వదినా" అన్నాడు. "అది నువ్వే రాశావు. కింద ఇంకోటి రాయి. రెండూ ఉండనీ."

సంచిలో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది ఆవిడకి. వంగి, "పాకం" కింద "నిమ్మ" అని రాసింది. ఇరవై ఏళ్ళుగా రాస్తున్న మాట, చిన్నపిల్ల రాసినట్టు వంకరగా వచ్చింది. ఇంకా ఎంతమంది డబ్బాల మీద ఏమేమి రాసి పంపించానో అన్న ఆలోచన అప్పుడు తట్టింది, తట్టాక పైకి లేవబుద్ధి కాలేదు. అలాగే డబ్బా ముందు కూర్చుండిపోయింది.

చెల్లెలు ఎప్పుడు వచ్చిందో, పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. డబ్బా మీది రెండు మాటలూ చదివింది. ఏడాది తర్వాత అక్కతో మొదటి మాట మాట్లాడింది.

"ఆయన అలాగే అంటారు. పైదానికి అడ్డంగా ఒక గీతైనా కొట్టు అక్కా."

సీసాలక్క మరిది వైపు చూసింది. అతను అటు తిరిగి చొక్కా మీది పిండి దులుపుకుంటున్నాడు. ఆవిడ సుద్దముక్క గట్టిగా అదిమి గీత కొట్టింది.